గాలి తీయడంతో పని తీరదు: భారీ యంత్రాల డీజిల్ వ్యవస్థ సంరక్షణ

ఎక్స్‌కవేటర్, బ్యాక్‌హో లోడర్, డోజర్, గ్రేడర్ వంటి భారీ యంత్రాలను నడిపే డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టన్ బలంగా అదిమినప్పుడు పుట్టే వేడిలోకి సరైన క్షణంలో, సరైన పరిమాణంలో, సన్నని తుంపరగా డీజిల్‌ను చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. అందువల్ల ఇంజను నడక యావత్తూ ఆ చిమ్మే పని మీద, దానికి డీజిల్‌ను శుభ్రపరిచి అందించే ఇంధన వ్యవస్థ మీద ఆధారపడి ఉంటుంది. ఆ వ్యవస్థలో గాలి చేరినప్పుడు దాన్ని వెళ్లగొట్టి, ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టాలన్నీ మళ్లీ డీజిల్‌తో నిండేలా చేయడాన్ని ప్రైమింగ్ అంటారు. మెకానిక్కుల వాడుకలో ఇదే ‘ఎయిర్ తీయడం’. చేయి తిరిగినవారికి ఇది కొద్ది నిమిషాల పనే గానీ, అది ఎందుకు అవసరమైందన్న ప్రశ్నకు జవాబు దొరకనంత వరకు పని పూర్తయినట్టు కాదు. ఫిల్టరు మార్చినప్పుడు ప్రైమింగ్ సహజం. ఏదీ విప్పకుండానే, ట్యాంకులో డీజిల్ ఉండగానే దాని అవసరం పడిందంటే వ్యవస్థలో ఎక్కడో లోపం ఉన్నట్టే. ప్రైమింగ్ పద్ధతితో పాటు, ఆ లోపాన్ని పట్టుకునే తీరునూ, అది తలెత్తకుండా చూసుకునే అలవాట్లనూ ఈ అధ్యాయం వివరిస్తుంది.

డీజిల్ నడిచే దారి

ఇంధన వ్యవస్థలో రెండు భాగాలుంటాయి. మొదటిది అల్పపీడన భాగం: ట్యాంకు, అందులోని జాలీ, నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్, డీజిల్‌ను ట్యాంకు నుంచి లాగి ముందుకు నెట్టే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, వీటిని కలిపే గొట్టాలు ఇందులోకి వస్తాయి. రెండోది అధికపీడన భాగం: ఇంజెక్షన్ పంపు, అక్కడి నుంచి సిలిండర్ల వైపు వెళ్లే ఉక్కు పైపులు, చివర డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లు ఇందులో ఉంటాయి. వాడుకలో ఇంజెక్షన్ పంపును డీజిల్ పంపు అనీ, ఇంజెక్టర్లను నాజిళ్లు అనీ వ్యవహరిస్తారు. పంపు దగ్గరా నాజిళ్ల దగ్గరా మిగిలిన డీజిల్ రిటర్న్ లైను ద్వారా తిరిగి ట్యాంకుకు చేరుతుంది.

అల్పపీడన భాగంలోనే గుర్తుపెట్టుకోవలసిన మరో విభజన ఉంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే వైపు, ఫీడ్ పంపు దాటాక ఉన్నది నెట్టే వైపు. నెట్టే వైపు జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారుతుంది, తడి కనబడుతుంది, దుమ్ము దాని మీద పేరుకుని నల్లని మరక కడుతుంది. పీల్చే వైపు జాయింటు వదులైతే, ఇంజను నడుస్తున్నంతసేపూ లోపలి పీడనం బయటి పీడనం కంటే తక్కువగా ఉంటుంది కనుక, చుక్క కూడా బయటికి రాకపోగా బయటి గాలే లోపలికి జొరబడుతుంది. ఎక్కడా తడి లేదు కాబట్టి లీకు లేదని తీర్మానించడం వల్లనే చాలాచోట్ల వెతుకులాట తప్పుదారి పడుతుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజను, ఇంధనాన్ని సంపీడిత గాలి సాయంతోనే సిలిండరులోకి ఊదేది. అందుకోసం దానికి ఒక గాలి కంప్రెసర్ కూడా ఉండేది. బాష్ సంస్థ 1927లో ఇంజెక్షన్ పంపుల భారీ ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత, గాలి ప్రమేయం లేకుండా కేవలం ద్రవపీడనంతో డీజిల్‌ను చిమ్మే పద్ధతి వాహనాలకు, యంత్రాలకు విస్తరించింది. మన దేశంలో 1951లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మైకో, ఈ పంపులను లారీలకూ ట్రాక్టర్లకూ చేరువ చేసింది. కంప్రెసర్ బరువు తొలగడంతో ఇంజను లారీలోనూ డోజరులోనూ ఇమిడేంత చిన్నదైంది. కాకపోతే, తొలినాళ్లలో ఇంధనాన్ని మోసుకెళ్లిన గాలే ఈ కొత్త ఏర్పాటులో బుడగ రూపంలో కూడా పనికిరానిదైంది.

గాలి చేరితే జరిగేది

దీనికి కారణం ద్రవానికీ వాయువుకూ ఉన్న తేడా. పీడనాన్ని కొలిచే బార్ అనే ప్రమాణం దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి సమానం. 200 బార్ల పీడనంలో డీజిల్ ఘనపరిమాణం నూటికి ఒకటిన్నర వంతుకు మించి తగ్గదు. అదే పీడనంలో గాలి ఇంచుమించు రెండువందలో వంతుకు కుంచించుకుపోతుంది. పాత తరహా మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లలో నాజిల్ తెరుచుకోవడానికి సాధారణంగా 175 నుంచి 250 బార్ల దాకా పీడనం కావాలి. మధ్యతరహా ఇంజనులో పూర్తి లోడు మీద కూడా పంపు ఒక్కో సిలిండరుకు ఒక్కో దఫా పంపే డీజిల్ 50 నుంచి 100 ఘన మిల్లీమీటర్లు మాత్రమే. అంటే మిరియపు గింజంత గాలిబుడగ ఒక దఫా ఇంధనానికి సరిపోయే చోటును ఆక్రమిస్తుంది. పంపులో డీజిల్‌ను అదిమే ప్లంజరు పైకి వెళ్లినప్పుడు ఆ బుడగ నలిగి, కిందికి దిగినప్పుడు మళ్లీ విచ్చుకుంటుందే తప్ప నాజిల్‌ను తెరిచేంత పీడనం పుట్టదు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది, బ్యాటరీ బాగానే ఉంటుంది, ట్యాంకులో డీజిల్ ఉంటుంది, అయినా ఇంజను అందుకోదు. గాలి కొద్దిగా ఉంటే ఇంజను అందుకున్నా ఒడిదుడుకుగా నడిచి, లోడు పడగానే ఆగిపోతుంది.

మెకానికల్ పంపు ఉన్న ఇంజన్ల ప్రైమింగ్

పని మొదలుపెట్టే ముందు యంత్రాన్ని చదునైన నేల మీద నిలిపి, బకెట్‌ను, బ్లేడును నేలకు దించి, ఇంజను ఆపి తాళంచెవి తీసి, వేడి తగ్గేదాకా ఆగాలి. దగ్గరలో బీడీ, సిగరెట్, వెల్డింగు ఉండకూడదు. తరువాతి పని శుభ్రం చేయడం. ఫిల్టరు తల, గాలిని బయటికి వదిలే బ్లీడింగ్ స్క్రూలు, చేత్తో నొక్కి డీజిల్‌ను నెట్టే హ్యాండ్ ప్రైమర్ చుట్టూ పేరుకున్న మట్టిని నూలుపోగు రాలని గుడ్డతో పూర్తిగా తుడవాలి, ఎందుకంటే స్క్రూ విప్పిన క్షణంలో రాలే ఇసుకరేణువు ఫిల్టరు దాటిన చోట పడితే దాన్ని ఆపేది ఇక ముందు ఏదీ ఉండదు.

ఫిల్టరు మారుస్తున్నట్లయితే, కొత్త ఫిల్టరు రబ్బరు వాషరుకు శుభ్రమైన డీజిల్ పూసి, వాషరు తలను తాకే దాకా చేత్తో తిప్పి, అక్కడి నుంచి ఫిల్టరు మీద అచ్చువేసిన సూచన మేరకు, సాధారణంగా సగం నుంచి ముప్పావు చుట్టు, బిగిస్తే సరిపోతుంది. పానాతో బలంగా బిగించడం వల్ల వాషరు నలిగి గాలి తీసుకునే అవకాశమే పెరుగుతుంది. సమయం కలిసొస్తుందని కొత్త ఫిల్టరులో క్యాను నుంచి డీజిల్ పోసి బిగించే అలవాటు విస్తారంగా ఉంది గానీ, పంపుకు ముందుండే చివరి ఫిల్టరు విషయంలో అది హానికరం. ఫిల్టరు మధ్యనున్న రంధ్రం వడపోత పూర్తయిన డీజిల్ బయటికి వచ్చే దారి. అందులో పోసిన డీజిల్ వడపోత లేకుండానే నేరుగా పంపులోకి వెళుతుంది. కొత్త ఫిల్టరును ఖాళీగా బిగించి, హ్యాండ్ ప్రైమర్‌తో నింపడమే సరైన పద్ధతి.

ఇప్పుడు ట్యాంకు కాక్ తెరిచి, ఫిల్టరు తల మీది బ్లీడింగ్ స్క్రూను ఒకటి రెండు చుట్లు వదులు చేసి, కింద ఒక డబ్బా పెట్టి, హ్యాండ్ ప్రైమర్‌ను నిదానంగా, పూర్తి పొడవునా నొక్కుతూ పోవాలి. మొదట వట్టి గాలి, తరువాత నురగ, ఆపై బుడగలతో కూడిన డీజిల్, చివరికి బుడగ లేని నిండు ధార వస్తుంది. ధార ఆగకముందే, ప్రైమర్‌ను నొక్కిపట్టి ఉండగానే స్క్రూ బిగించాలి, లేకపోతే నొక్కుడు ఆపిన క్షణంలో గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఫిల్టర్లు రెండుంటే ట్యాంకుకు దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టి, చివరగా ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని చేయాలి. ఈ క్రమంలో ప్రైమర్ చేతికి ఇచ్చే ఎదురుబలాన్ని గమనించడం అవసరం: గాలి ఉన్నంతసేపూ మెత్తగా దిగిపోయే ప్రైమర్, వ్యవస్థ నిండేకొద్దీ గట్టిపడుతుంది. ఎన్నిసార్లు నొక్కినా గట్టిపడకపోతే, ట్యాంకు నుంచి డీజిల్ రావడం లేదని గానీ, పీల్చే వైపు గాలి జొరబడుతోందని గానీ, ప్రైమర్ కవాటాలు అరిగిపోయాయని గానీ భావించాలి. పని ముగిశాక, మరతో బిగుసుకునే రకం ప్రైమర్ పిడిని మళ్లీ కిందికి నొక్కి బిగించడం మరిచిపోతే అదే కొత్త లీకు అవుతుంది.

ఆ తరువాత సెల్ఫ్ కొట్టాలి. ఒక్కో దఫా 20 నుంచి 30 సెకన్లకు మించకుండా, దఫాకూ దఫాకూ మధ్య కనీసం రెండు నిమిషాల విరామం ఇవ్వకపోతే సెల్ఫ్ మోటారు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. అప్పటికీ అందుకోకపోతే, మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లలో మాత్రమే, నాజిల్ దగ్గర ఉక్కు పైపుల నట్లు కొద్దిగా వదులు చేసి, సెల్ఫ్ తిప్పుతూ, బుడగ లేని డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటిగా బిగించాలి. ఇంజను అందుకున్నాక కొన్ని నిమిషాలు తక్కువ వేగంలో నడవనిస్తే మిగిలిన కొద్దిపాటి గాలి రిటర్న్ లైను గుండా బయటపడుతుంది. అందుకోని ఇంజనుకు గాలి తీసుకునే గొట్టంలో ఈథర్ స్ప్రే కొట్టడం, ముఖ్యంగా స్టార్టింగుకు వేడినిచ్చే గ్లో ప్లగ్గులు లేదా హీటరు ఉన్న ఇంజన్లలో, పేలుడుకు దారితీయగల పని. పైగా అది గాలి సమస్యను తీర్చదు.

కామన్ రైల్ ఇంజన్లలో జాగ్రత్తలు

కామన్ రైల్ అంటే అన్ని నాజిళ్లకూ ఉమ్మడిగా ఉండే ఒక దళసరి ఉక్కు గొట్టం. పంపు అందులో డీజిల్‌ను నిరంతరం అధిక పీడనంలో నిల్వ ఉంచితే, కంప్యూటరు ఆదేశం మేరకు ఒక్కో ఇంజెక్టరు తెరుచుకుంటుంది. చక్రాలు గల నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి సీఈవీ స్టేజ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో మన పనిచోట్లకు ఈ తరహా ఇంజన్లు విరివిగా వచ్చాయి. వీటిలో పీడనం 1,600 బార్లను దాటడం మామూలే. ఇంజను నడుస్తుండగా గానీ, సెల్ఫ్ తిప్పుతుండగా గానీ, ఆపిన వెంటనే గానీ ఈ ఇంజన్లలో అధికపీడన పైపుల నట్లు వదులు చేయకూడదు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే డీజిల్ ధార చేతి తొడుగునూ చర్మాన్నీ చీల్చుకుని కండలోకి దిగుతుంది. పైకి చిన్న గాటుగా కనిపించినా లోపల కణజాలం దెబ్బతింటుంది కాబట్టి, నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లి, అధిక పీడనంలో డీజిల్ ఎక్కిందని వైద్యులకు స్పష్టంగా చెప్పాలి. లీకును వెతకవలసి వస్తే చేతిని కాక అట్టముక్కను పైపు వెంట జరిపి చూడాలి.

ఈ ఇంజన్లలో ప్రైమింగ్ అల్పపీడన భాగానికే పరిమితం. విద్యుత్ ప్రైమింగ్ పంపు ఉన్నచోట, సెల్ఫ్ కొట్టకుండా తాళంచెవిని ఆన్ స్థానంలో మాన్యువల్ చెప్పినంతసేపు ఉంచితే పంపు తనంతట తానే గొట్టాలను నింపుతుంది. అవసరమైతే ఆ పనిని రెండు మూడుసార్లు చేయాలి. హ్యాండ్ ప్రైమర్ ఉంటే అది గట్టిపడే దాకా నొక్కాలి. రైల్‌లో మిగిలిన గాలి సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు రిటర్న్ లైను దారిన బయటికి పోయేలా వీటిని రూపొందిస్తారు గనుక, పైపులు విప్పవలసిన అవసరమే రాదు.

గాలి ఎక్కడి నుంచి వచ్చింది

ట్యాంకు పూర్తిగా ఎండిపోయేదాకా నడపడం, ఫిల్టరు మార్చడం అన్నవి తెలిసిన కారణాలు. అవి కానప్పుడు వెతుకులాట ట్యాంకు దగ్గర మొదలై ఫీడ్ పంపు వైపు సాగాలి. పగుళ్లు పట్టిన రబ్బరు గొట్టాలు, వదులైన క్లిప్పులు, వాటర్ సెపరేటర్ గిన్నె కింద నలిగిన ఓ-రింగు, పూర్తిగా మూయని డ్రెయిన్ కాక్, బాంజో బోల్టుల దగ్గర పదేపదే వాడి గట్టిపడిన రాగి వాషర్లు ఎక్కువగా దొరికే దోషులు. వాషర్లను విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు, దాని పీలికలు తెగి నాజిళ్లను మూసేస్తాయి. అనుమానం తీరకపోతే ఫీడ్ పంపుకు ముందు తాత్కాలికంగా ఒక పారదర్శకమైన గొట్టం అమర్చి ఇంజను నడిపితే బుడగలు కంటికే కనిపిస్తాయి. గొట్టాన్ని ట్యాంకు వైపు ఒక్కో జాయింటు చొప్పున జరుపుతూ పోతే బుడగలు కనబడని చోటుకూ కనబడిన చోటుకూ మధ్యలో లీకు పట్టుబడుతుంది.

లక్షణాలను బట్టి కూడా కారణాన్ని ఊహించవచ్చు. పొద్దున మాత్రమే చాలాసేపు సెల్ఫ్ కొట్టవలసివచ్చి, ఆపై రోజంతా ఇంజను సజావుగా నడిస్తే, రాత్రిపూట డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందని అర్థం; ఫీడ్ పంపు కవాటాన్నీ పీల్చే వైపు జాయింట్లనూ చూడాలి. ట్యాంకు సగానికి తగ్గినప్పుడే ఇబ్బంది మొదలైతే, ట్యాంకులో నిలువుగా ఉండే పీల్చుడు గొట్టం మధ్యలో పగిలి ఉండవచ్చు. గంటసేపు బాగా నడిచి క్రమంగా శక్తి తగ్గి ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే ‘బుస్సు’మని గాలి లోపలికి పోయి, ఇంజను మళ్లీ అందుకుంటే, మూతలోని గాలిరంధ్రం దుమ్ముతో పూడుకుపోయిందని తేలుతుంది; అప్పుడు ఎంత ప్రైమింగ్ చేసినా ప్రయోజనం ఉండదు, మూతను శుభ్రం చేస్తేనే పని జరుగుతుంది. ఖాళీగా నడిచినప్పుడు బాగుండి, బకెట్ నిండా తవ్వేటప్పుడు మాత్రమే నీరసించే ఇంజనులో మొదట చూడవలసింది మూసుకుపోయిన ఫిల్టరును.

నీరు, మురికి

గాలి ఇంజనును ఆపుతుంది. నీరూ మురికీ ఇంజనును నడవనిస్తూనే పాడుచేస్తాయి. పంపులోని ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే ఉంటుంది; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ సందుకు కందెన విడిగా ఉండదు, పారే డీజిలే కందెన. నీరు చేరితే ఆ కందెన పొర తెగి లోహం లోహాన్ని రాస్తుంది, తుప్పు పడుతుంది, నాజిల్ మొన దెబ్బతింటుంది; పైగా ట్యాంకు అడుగున నీటికీ డీజిల్‌కూ మధ్యనున్న పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగురులాంటి నల్లని పదార్థం తయారై ఫిల్టర్లను మూసేస్తుంది. కిరోసిన్ కలిపిన డీజిల్ కూడా పలచబడి కందెన గుణం తగ్గి పంపును అరగదీస్తుంది. మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం కిలో డీజిల్‌లో నీరు 200 మిల్లీగ్రాములకు మించకూడదు. బంకులో సరిగ్గా ఉన్న డీజిల్ చెడేది చాలావరకు అక్కడి నుంచి యంత్రం ట్యాంకుకు చేరేలోపే.

గ్రానైట్ క్వారీలు, కాలువ పనులు, రోడ్డు పనులు జరిగే చోటికి డీజిల్ సాధారణంగా 200 లీటర్ల డ్రమ్ములలో చేరుతుంది. డ్రమ్మును నిలబెట్టి ఎండావానలకు వదిలేస్తే మూత మీద నిలిచిన వాననీరు, పగటి వేడికీ రాత్రి చలికీ డ్రమ్ము గాలి పీల్చి వదిలే క్రమంలో, మర సందుల గుండా లోపలికి దిగుతుంది. డ్రమ్ములను నీడన, పక్కకు పడుకోబెట్టి, రెండు మూతలూ అడ్డంగా ఒకే ఎత్తులో, డీజిల్ మట్టానికి లోపల ఉండేటట్టు ఉంచితే ఈ ఇబ్బంది రాదు. వాడే ముందు ఒకరోజు కదపకుండా నిలబెట్టి తేరనిచ్చి, పంపు గొట్టం అడుగును తాకకుండా కొన్ని అంగుళాల పైనే ఉంచి తోడాలి. అడుగున మిగిలినదాన్ని ట్యాంకులో పోయకూడదు. జింకు పూత ఉన్న డబ్బాలు, బకెట్లు వాడితే జింకు డీజిల్‌లో కలిసి జిడ్డు అడుగులుగా మారుతుంది కనుక వాటిని దూరంగా ఉంచాలి. అనుమానం ఉన్నప్పుడు గాజు సీసాలో కొంత డీజిల్ పట్టి కాసేపు కదపకుండా వెలుతురులో చూస్తే, మంచి డీజిల్ తేటగా మెరుస్తుంది. మసకబారి ఉన్నా, అడుగున వేరే పొర కనిపించినా దాన్ని వాడకూడదు.

గంటల లెక్కన సంరక్షణ

భారీ యంత్రాల సర్వీసును కిలోమీటర్లలో కాక అవర్ మీటరు చూపే గంటల్లో లెక్కిస్తారు. కింద చెప్పినవి సాధారణంగా కనిపించే గడువులు. ఆయా యంత్రం మాన్యువల్ వేరుగా చెబితే దానిదే తుదిమాట. ప్రతిరోజూ ఇంజను నడిపే ముందే వాటర్ సెపరేటర్ కాక్ తెరిచి, నీరు పోయి శుద్ధమైన డీజిల్ వచ్చేదాకా వదలాలి. రాత్రంతా కదలిక లేక నీరు అడుగుకు చేరి ఉంటుంది కాబట్టి ఈ పనికి పొద్దుటి వేళే తగినది. సాయంత్రం పని ముగించేటప్పుడు ట్యాంకు నింపాలి. ఇరవై టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్లలో ట్యాంకు సామర్థ్యం 300 నుంచి 400 లీటర్ల దాకా ఉంటుంది. అది రాత్రంతా ముప్పాతిక ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని తేమగాలి చల్లబడి గోడలకు నీటిబిందువులుగా పట్టి కిందికి జారుతుంది. వానాకాలంలోనూ కోస్తా ప్రాంతంలోనూ ఇది మరీ ఎక్కువ. 250 గంటలకొకసారి ట్యాంకు అడుగు డ్రెయిన్ తెరిచి మడ్డిని వదలాలి. 250 నుంచి 500 గంటల మధ్య ఫిల్టర్లు మార్చాలి. దుమ్ము విపరీతంగా లేచే క్వారీలలో, డ్రమ్ము డీజిల్ వాడే చోట ఈ గడువును కుదించడమే లాభం, ఎందుకంటే ఫిల్టరు ధరకూ, అరిగిన పంపునో ఇంజెక్టర్లనో కాలిబ్రేషన్ షాపుకు పంపి బాగు చేయించే ఖర్చుకూ పొంతనే లేదు. ఆ ఖర్చు కాక, యంత్రం నిలిచిపోయిన రోజుల నష్టం వేరే ఉంటుంది.

ఈ పనులన్నిటికీ ఒక లాగ్ బుక్కు తోడైతేనే వాటి ఫలితం కనిపిస్తుంది. తేదీ, అవర్ మీటరు అంకె, చేసిన పని, సెపరేటర్ నుంచి దిగిన నీరు ఎక్కువా తక్కువా అన్న వివరాలతో పాటు, ప్రైమింగ్ చేసిన ప్రతిసారీ దాని కారణం కోసం ఒక ప్రత్యేకమైన గడి ఉండాలి. ‘ఫిల్టరు మార్పు’ అని రాసిన చోట చూడవలసింది మరేమీ లేదు. ‘డీజిల్ అయిపోయింది’ అని ఉంటే ఇంధనం అందించే ఏర్పాటును సరిదిద్దాలి. గడి ఖాళీగా ఉంటే, ఆ యంత్రాన్ని మరుసటి రోజు పనికి పంపే ముందు ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా పీల్చే వైపును ఒక్కో జాయింటూ తడిమి చూసి, ఆ గడి నింపిన తరువాతే తాళంచెవి ఆపరేటరుకు ఇవ్వాలి.